కారుకు వేసిన మార్కులు

పలమనేరులో బస్సెక్కి ముళబాగలు, కోలారుల మీదుగా బెంగుళూరుకు పోయేవారు నగరం చేరబోయే ముందు హొసకోటను దాటుతారు. స్వీడను దేశపు వోల్వో కంపెనీ తన కార్లను మన దేశంలో బిగించేది ఆ ప్రాంతంలోనే. 2017 లో ఆ పనికి మొదట ఎన్నుకొన్నది ఎక్స్.సి. 90 అనే పెద్ద కారును. దానిలోనే పెట్రోలు ఇంజను, విద్యుత్ మోటారు రెండూ గల ‘టి 8’ అనే హైబ్రిడ్ రకం అంతకు ముందు సంవత్సరమే, 2016 లో, మన విపణిలోకి వచ్చినది. అప్పుడు దాని వెల 1 కోటి 25 లక్షల రూపాయలు.

ఈ వెల చూచి, ఈ వ్యాసం తమకు సంబంధించినది కాదని చదువరులు పుట త్రిప్పివేయవద్దు. నేను పరిశీలించదలచినది కారు కంటె ఎక్కువగా దానికి పడిన మార్కులను. పలువురు నిపుణుల సమీక్షలను గుదిగుచ్చి, ‘పదికి ఇంత’ అని ఒక్క అంకెను ప్రకటించే ఆచారం అమెరికాలో బాగా వ్యాపించినది; ఇప్పుడు మన ఊళ్లకు కూడ చేరినది. అప్పు చేసి టాక్సీ కొనదలచిన మదనపల్లె యువకుడు కూడ ఆ అంకెనే చూస్తున్నాడు. అది ఎట్లా తయారైనదో తెలియకపోతే నష్టపడేది అతడు. కోటీశ్వరుడు ఒక కారు నచ్చకపోతే మరొకటి కొనుక్కొంటాడు.

ముందుగా కారు సంగతి కొంత తెలుసుకొందాము. సంకరమనగానే మన ప్రాంతంలో జెర్సీ సంకరపు ఆవు గుర్తుకు వస్తుంది. అక్కడ రెండు జాతుల గుణాలు ఒకే దేహంలో కలసిపోతాయి, విడదీయలేము. ఈ కారులో ఆ కలయిక లేదు. ముందు చక్రాలను 2 లీటర్ల పెట్రోలు ఇంజను త్రిప్పుతుంది, వెనుక చక్రాలను విద్యుత్ మోటారు త్రిప్పుతుంది. రెంటికీ నడుమ ఏ షాఫ్టూ లేదు. మామూలుగా నాలుగు చక్రాలూ లాగే బండిలో షాఫ్టు పోయే నడిమి సొరంగంలో ఇక్కడ బ్యాటరీని అమర్చినారు. ఇంజను శక్తి సుమారు 320 అశ్వశక్తులు, మోటారుది 87. రెండూ కలసి పనిచేస్తే 400 పైచిలుకు. మొత్తం బరువు సుమారు 2,300 కిలోలు.

మొదట వచ్చిన నమూనాల బ్యాటరీలో పట్టేది 9.2 కిలోవాట్ గంటలు, అనగా మన కరెంటు బిల్లు భాషలో 9.2 యూనిట్లు. ఒక లీటరు పెట్రోలు మండితే వెలువడే ఉష్ణం కూడ ఇంచుమించు 9 యూనిట్లే! హైబ్రిడ్ సామగ్రి వల్ల వచ్చిన రెండు వందల కిలోల పైబడ్డ అదనపు బరువునంతా మోసేది ఒక లీటరు పెట్రోలు కోసమా అని నవ్వుకోనక్కరలేదు. ఇంజను ఆ ఉష్ణంలో మూడో వంతును పనిగా మార్చగలిగితే గొప్ప. మోటారు తనకందిన శక్తిలో పదింట తొమ్మిది పాళ్లు మార్చగలదు. కాబట్టి నిండిన బ్యాటరీ సుమారు మూడు లీటర్ల పెట్రోలుతో సమానం, అంతకు మించదు. ఈ మూడు లీటర్ల సంగతి గుర్తుంచుకొని మార్కుల దగ్గరకు పోదాము.

ఐరోపాలో ‘ఈ సంవత్సరపు కారు’ను ఎన్నుకొనే ఆనవాయితీ 1964 నుంచి ఉన్నది. 2016 పోటీలో 22 దేశాలకు చెందిన 58 మంది మోటారు పాత్రికేయులు తీర్పరులుగా కూర్చొన్నారు. ఒక్కొక్కరి చేతిలో 25 మార్కులు. వాటిని కనీసం ఐదు కార్లకు పంచవలె. ఏ కారుకూ 10 కి మించి ఇవ్వరాదు. మొత్తం 1,450 మార్కులు. ఫిబ్రవరి చివర జెనీవాలో ఫలితం వెలువడినది. ఒపెల్ ఆస్ట్రా అనే చిన్న కుటుంబపు కారుకు 309 వచ్చినవి, మన ఎక్స్.సి. 90 కి 294. ఆస్ట్రా గెలిచినది, వోల్వో రెండవది.

పత్రికలలో ఈ వార్త చదివినవారు ఆస్ట్రా మేలైన కారని నమ్మి ఉంటారు. లెక్క వేసి చూద్దాము. తీర్పరి ఒక్కింటికి సరాసరిన ఆస్ట్రాకు 5.33, వోల్వోకు 5.07 మార్కులు పడినవి. తేడా 0.26, అనగా పావు మార్కు. 58 మందిలో ఎనిమిది మంది తలా ఒక్క మార్కును ఆస్ట్రా నుంచి తీసి వోల్వోకు వేసి ఉంటే ఫలితం 301, 302 గా తారుమారయ్యేది. ఒక్కొక్క తీర్పరి ఈ రెండు కార్లకు ఇచ్చే మార్కుల తేడా మనిషికీ మనిషికీ నాలుగు మార్కుల ప్రామాణిక విచలనంతో ఊగుతుందనుకొందాము. పదిలోపు వేసే మార్కులకు అది విపరీతమేమీ కాదు. అప్పుడు 58 మంది సరాసరిలో మిగిలే అనిశ్చితి నాలుగును 58 యొక్క వర్గమూలంతో భాగించగా వస్తుంది, అనగా అర మార్కు పైచిలుకు. కనిపించిన తేడా దానిలో సగం. మా భౌతికశాస్త్ర ప్రయోగశాలలో ఒక విద్యార్థి ఇటువంటి రెండు కొలతలు తెచ్చి ‘మొదటిది పెద్దది’ అని రాస్తే రికార్డు పుస్తకం తిరిగి ఇచ్చేస్తాము.

ఆటగా చూచినప్పుడు ఆ ఫలితంలో అన్యాయమేమీ లేదు. పందెంలో ముక్కు పొడవు తేడాతో గెలిచిన గుర్రం కూడ గెలిచినట్లే. చిక్కంతా పందెపు ఫలితాన్ని కొలతగా వాడుకోవటంలో ఉన్నది.

పైగా అదే ఎక్స్.సి. 90 ని 2016 లోనే ఉత్తర అమెరికా తీర్పరులు మొదటి బహుమానానికి ఎన్నుకొన్నారు, ‘ఆ సంవత్సరపు ట్రక్కు’గా! అప్పట్లో అక్కడ కారు, ట్రక్కు అని రెండే తరగతులు; ఇటువంటి బండ్లు ట్రక్కులలో చేరేవి. తుది పోటీలో దానికి ఎదురు నిలిచినవి హోండా పైలట్, నిస్సాన్ టైటన్ అనే పెద్ద పికప్పు. అట్లాంటిక్ మహాసముద్రానికి అటు మొదటిది, ఇటు రెండవది. కారు మారలేదు, ప్రక్కన నిలబెట్టిన బండ్లు మారినవి. 25 మార్కులను పంచి ఇచ్చే పద్ధతిలో ఒకరికి ఎక్కువ ఇస్తే మరొకరికి తగ్గక తప్పదు. అటువంటి అంకె కారు గుణాన్ని ఎంత చెబుతుందో, ఆ ఏటి పోటీ బలాన్ని కూడ అంతే చెబుతుంది.

పలువురి అభిప్రాయాల సరాసరి ఒక్కరి అభిప్రాయం కంటె మేలైనదనే నమ్మకానికి గట్టి ఆధారమే ఉన్నది. 1906 లో ఇంగ్లండులోని ప్లిమత్ పశు ప్రదర్శనలో ఒక ఎద్దును నిలబెట్టి, దానిని కోసి శుభ్రం చేసిన తరువాత మాంసం ఎంత తూగుతుందో చెప్పమని పందెం పెట్టినారు. ఆరు పెన్నీలు చెల్లించి ఊహ రాసి ఇచ్చినవారిలో కసాయివారు, రైతులు, ఏమీ తెలియనివారు కూడ ఉన్నారు. సర్ ఫ్రాన్సిస్ గాల్టన్ ఆ చీటీలను సంపాదించి, చదవటానికి వీలైన 787 ఊహలను వరుసలో పేర్చి నడిమి దానిని చూచినాడు. అది 1,207 పౌనులు. అసలు తూకం 1,198 పౌనులు. నూటికి ఒక పాలు కూడ తప్పలేదు. 1907 లో ‘నేచర్’ పత్రికలో ఆయన ప్రకటించిన ఈ సంగతిని ‘జనసమూహపు జ్ఞానం’ అని ఇప్పటికీ ఉదాహరిస్తారు. సంతలో పశువును చూపుతోనే తూచే మన దళారులకు ఇది వింతగా తోచదు.

అయితే ఆ ఎద్దు సంగతిలో మూడు విషయాలు గమనించవలె. ఊహ రాసిన ప్రతివాడూ ఎవరికి వారు రాసినారు. అందరూ అడిగిన ప్రశ్న ఒక్కటే: బరువెంత? చివరకు నిజాన్ని తేల్చే త్రాసు ఒకటి అక్కడ ఉన్నది. కారు సమీక్షలలో ఈ మూడింటిలో ఏది ఉన్నది?

మొదటిది స్వతంత్రత. కొత్త కారు వచ్చినప్పుడు తయారీదారులే సమీక్షకులను ఆహ్వానించి, తాము ఎన్నుకొన్న ఊరిలో, తాము ఎన్నుకొన్న రోడ్డు మీద, తాము సిద్ధం చేసిన బండ్లను నడిపించటం మామూలు. అందరికీ ఒకే పత్రకం అందుతుంది. అందరి వ్యాసాలూ ఒకే దినం వెలువడుతాయి. వారు అబద్ధమాడుతారని నేననను. వారి పొరపాట్లు ఒకే దిక్కుకు ఒరుగుతాయి, అంతే. దీనిని గణితంలో చెప్పవచ్చు. ఇద్దరు సమీక్షకుల పొరపాట్ల నడుమ సహసంబంధ గుణకం 0.3 అనుకొందాము. అప్పుడు 58 మందిని వారి సంఖ్యకు ఒకటి తక్కువను 0.3 తో గుణించి ఒకటి కలిపిన దానితో, అనగా 18.1 తో, భాగించవలె. వచ్చేది 3.2. యాభై ఎనిమిది మంది మాట ముగ్గురు స్వతంత్రుల మాటతో సమానమైనది! గుణకం 0.3 అనేది లెక్క కోసం నేను ఎన్నుకొన్నది. ఇంకా తక్కువైనా, 0.1 అనుకొన్నా, మిగిలేది తొమ్మిది మందే. ‘ఇందరు నిపుణుల సరాసరి’ అని పెద్ద అక్షరాలతో అచ్చు వేసేవారు ఈ భాగహారం చేయరు.

రెండవది, ప్రశ్న ఒక్కటి కాదు. సౌఖ్యం, అందం, వేగం, భద్రత, ఇంధనపు పొదుపు, సామాను పట్టే చోటు, వెల: ఇన్నింటిని కలిపి ఒక అంకె చేయవలె. కిలోమీటర్లనూ లీటర్లనూ తోలు మెత్తదనాన్నీ ఎట్లా కూడుతారు? కూడటానికి ముందు ప్రతిదానికీ ఇంత ప్రాధాన్యమని భారం కట్టవలె. ఆ భారాలు కట్టినవాడే అసలు తీర్పరి, మిగిలినవారు గుమాస్తాలు.

పలమనేరు పశు పరిశోధన కేంద్రంలో సంరక్షిస్తున్న పుంగనూరు ఆవు ఎత్తు ఒక మీటరుకు లోపు. బరువు సుమారు 115 నుంచి 200 కిలోలు. దేహ ప్రమాణానికీ, రోజుకు ఇచ్చే పాల లీటర్లకూ పెద్ద భారం కట్టి మార్కులు వేయండి, అది అట్టడుగున నిలుస్తుంది. పాలలోని వెన్న శాతానికి, మేతలోని పొదుపుకు, కరువును ఓర్చుకొనే శక్తికి భారం కట్టండి, అది పైకి వస్తుంది. రెండు పట్టికలలోనూ ఆవు అదే. ఏ పట్టిక సరియైనది అన్న ప్రశ్నకు పశుశాస్త్రం ఒక్కటే సమాధానం చెప్పలేదు. మీ పొలమెంత, మేతెంత, పాలు ఎవరికి అని అడుగక తప్పదు.

ఈ భారాలను విడివిడిగా కట్టినా ఫలితం శుద్ధంగా రాదని మనోవిజ్ఞాన శాస్త్రజ్ఞుడు థార్న్‌డైక్ 1920 లోనే చూపినాడు. సైన్యంలో పైయధికారులు తమ క్రింది వారికి తెలివికి, దేహదార్ఢ్యానికి, నాయకత్వానికి, శీలానికి వేరువేరుగా మార్కులు వేసినారు. ఆ మార్కులు ఒకదానితో ఒకటి ఉండవలసిన దాని కంటె చాలా ఎక్కువగా కలసి నడిచినవి. మనిషి మీద మొత్తంగా కలిగిన మంచి అభిప్రాయం ప్రతి గడిలోకీ కారినదన్నమాట. ఎక్స్.సి. 90 టి 8 లోని ‘ఎక్సలెన్స్’ రకంలో వెనుక విడివిడి సీట్లు, చిన్న శీతల పెట్టె, స్ఫటికపు గాజు గ్లాసులు ఉన్నవి. అంతటి అరలో కూర్చొన్న సమీక్షకుడు బ్రేకులకు మార్కు వేసేటప్పుడు గ్లాసులను పూర్తిగా మరచిపోగలడా?

ఇక మూడవది, త్రాసు. కారుకు మొత్తం మీద త్రాసు లేదు గాని, కొన్ని అంశాలకు ఉన్నది. ఇంధనం వాటిలో ముఖ్యమైనది. హైబ్రిడ్ కారు విషయంలో ఆ త్రాసే పెద్ద చిక్కు తెచ్చినది. నా దృష్టిలో సమీక్షల మొత్తంలో అతి బలహీనమైన చోటు ఇదే కాబట్టి ఇక్కడ కొంత నెమ్మదిగా పోదాము.

టి 8 కు ఐరోపా పరీక్షలో వచ్చిన అధికారిక అంకె 100 కిలోమీటర్లకు 2.1 లీటర్లు. మన లెక్కలో లీటరుకు 47 కిలోమీటర్ల పైచిలుకు! రెండున్నర టన్నులకు చేరువైన బండి స్కూటరుతో పోటీపడుతున్నది. కార్బన్ డయాక్సైడు కిలోమీటరుకు 49 గ్రాములు అన్నారు. అనేక ఐరోపా దేశాలలో కారు పన్ను ఈ గ్రాముల మీదనే ఆధారపడుతుంది, కాబట్టి ఈ అంకె వెనుక ప్రజల ధనం కూడ ఉన్నది.

ఆ అంకె ఎట్లా వచ్చినది? అప్పటి పరీక్షలో కారును రోలర్ల మీద నిలిపి, ఇరవై నిమిషాలలో సుమారు 11 కిలోమీటర్లు ఒక నిర్ణీత క్రమంలో నడిపేవారు. దానిలో ఎగుడు లేదు, దిగుడు లేదు, ఎదురు గాలి లేదు. ప్లగ్గుతో ఛార్జి చేసే హైబ్రిడ్‌ను రెండుసార్లు పరీక్షించేవారు: బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడు ఒకసారి, ఖాళీ అయినప్పుడు ఒకసారి. ఆ రెండు ఫలితాలను కలపటానికి ఒక సూత్రం ఉన్నది. విద్యుత్తుతో కారు ఎంత దూరం పోగలదో అంత దూరం మొదటి ఫలితానికి భారం; రెండవ ఫలితానికి 25 కిలోమీటర్లు భారం. అనగా బ్యాటరీ ఖాళీ అయిన తరువాత 25 కిలోమీటర్లు పోగానే యజమాని మళ్లీ ప్లగ్గు పెడతాడని ఊహ.

టి 8 విద్యుత్తుతో పోయే దూరం 43 కిలోమీటర్లుగా ప్రకటించినారు. అంతవరకు ఇంజను వెలగలేదనుకొంటే, 43 కు 25 కలిపి 68 కిలోమీటర్లలో కాలిన పెట్రోలంతా చివరి 25 లోనే కాలినది. 100 కు 2.1 చొప్పున 68 కిలోమీటర్లకు 1.43 లీటర్లు. దానిని 25 కిలోమీటర్లకు పంచితే 100 కు 5.7 లీటర్లు వస్తుంది. బ్యాటరీ ఖాళీగా ఉన్నప్పుడు ప్రయోగశాలలోని సమతల రోడ్డు మీద ఈ కారు అసలు మైలేజీ, లీటరుకు పదిహేడున్నర కిలోమీటర్లు. నలభై ఏడు ఎక్కడ, పదిహేడు ఎక్కడ!

ఇప్పుడు ఈ కారు పలమనేరులో ఉన్నదనుకోండి. ఒక డాక్టరుగారు రాత్రి ఇంట్లో ఛార్జి చేసి, ఉదయం సుమారు పాతిక కిలోమీటర్ల దూరంలోని పుంగనూరుకు పోయి, అక్కడ కొంత ఛార్జి చేసుకొని తిరిగి వస్తే ఆయనకు పెట్రోలు అవసరమే కలుగకపోవచ్చు. ప్రకటించిన అంకె కంటె కూడ ఆయన అదృష్టవంతుడు. అదే డాక్టరుగారు బెంగుళూరుకు పోతే దూరం సుమారు 140 కిలోమీటర్లు. మొదటి 43 విద్యుత్తుతో. మిగిలిన 97 కు ఐదున్నర లీటర్లు. లీటరుకు పాతిక కిలోమీటర్లు. అక్కడ ఛార్జి చేయకుండా తిరిగి వస్తే, 280 కి పదమూడున్నర లీటర్లు; లీటరుకు ఇరవై ఒకటికి లోపు. ఆయన డ్రైవరు ప్లగ్గు పెట్టటానికి బద్ధకిస్తే నిత్యమూ పదిహేడున్నర. ఇవన్నీ ప్రయోగశాల దయతో ఇచ్చిన అంకెలతో కట్టిన లెక్కలే; రోడ్డు మీద ఇంకా తగ్గుతాయి. ఒకే కారు, ఒకే యజమాని, ఇన్ని మైలేజీలు. వీటిలో సమీక్షకుడు ‘పొదుపు’ గడిలో దేనికి మార్కు వేసినట్లు?

ఈ అనుమానం నా ఒక్కడిదీ కాదు. 2021 లో ఐరోపాలో నమోదైన కార్లలోని ఇంధన మీటర్ల నుంచే సేకరించిన వివరాలను ఐరోపా కమిషన్ 2024 లో ప్రకటించినది. మామూలు పెట్రోలు, డీజిలు కార్లు ప్రయోగశాల అంకె కంటె ఇంచుమించు ఐదో వంతు ఎక్కువ వాడుతున్నవి. ప్లగ్గు హైబ్రిడ్‌లు మూడున్నర రెట్లు! పరీక్ష పద్ధతి 2017 నుంచి మారి మెరుగైన తరువాతి కార్ల సంగతి ఇది. యంత్రంలో మోసమేమీ లేదు. ప్లగ్గు పెడతారని ఊహించినంత తరచుగా జనం పెట్టలేదు.

బెంగుళూరు దిక్కున రోడ్డు పెద్దగా ఎత్తుపల్లాలు లేనిది. చిత్తూరు దిక్కున మొగిలి ఘాటు ఉన్నది. పలమనేరు సముద్రమట్టానికి సుమారు 680 మీటర్ల ఎత్తున ఉన్నది. చిత్తూరు సుమారు 330. ఈ 350 మీటర్ల పతనంలో 2,300 కిలోల బండి వదిలే స్థితిశక్తి ఇంటర్మీడియట్ విద్యార్థి కూడ కట్టగలడు: సుమారు 79 లక్షల జౌళ్లు, అనగా 2.2 యూనిట్లు. మామూలు కారులో ఘాటు దిగేటప్పుడు ఇదంతా బ్రేకుల వేడిగా గాలిలో కలుస్తుంది. హైబ్రిడ్‌లో మోటారు జనరేటరుగా మారి దీనిలో కొంత బ్యాటరీకి చేరుస్తుంది. నాకు ఈ కారులో నిజంగా ముచ్చట గొలిపే గుణం ఇదే. ఏ స్ఫటికపు గ్లాసూ దీనికి సాటి రాదు.

అయినా పొంగిపోరాదు. చిత్తూరు వరకు నలభై కిలోమీటర్ల చిల్లర దూరంలో టైర్ల దొర్లుడు నిరోధానికే సుమారు రెండున్నర యూనిట్లు పోతుంది. గాలి నిరోధం వేరు. కాబట్టి చిత్తూరు చేరేసరికి బ్యాటరీ నిండిపోయి ఉంటుందనుకోవటం కల్ల. వాలు గట్టిగా ఉన్న ఘాటు భాగంలో మాత్రమే లాభం. తిరుగు ప్రయాణంలో ఆ ఎత్తును మళ్లీ ఎక్కటానికి, బ్యాటరీ ఖాళీగా ఉంటే, ముప్పాతిక లీటరు పెట్రోలు అదనం. ఈ లెక్కకు సమీక్షకుని అభిరుచితో పని లేదు. అయినా ఎవరి మార్కులలోనూ ఇది కనబడదు. పరీక్షశాల రోలర్లకు ఘాటు లేదు గనుక అక్కడి అంకెలోనూ కనబడదు.

భద్రత విషయంలో పరిస్థితి మేలు. 2015 లో యూరో ఎన్.సి.ఎ.పి. సంస్థ ఎక్స్.సి. 90 ని గోడకు గుద్దించి పరీక్షించి ఐదు నక్షత్రాలిచ్చినది. నక్షత్రాలతో ఆగకుండా విడి మార్కులు కూడ అచ్చు వేసినది: పెద్దల రక్షణకు నూటికి 97, పిల్లలకు 87, ప్రమాదాన్ని తప్పించే సాధనాలకు 100, పాదచారుల రక్షణకు 72. ఇవి చదివినవాడికి తెలియవలసినది తెలుస్తుంది. లోపల కూర్చొన్నవాడికి ఈ కారు కోట వంటిది. దాని ముందు నడిచేవాడికి అంత కాదు. ఐదు నక్షత్రాలను మాత్రమే చూచినవాడికి ఈ రెండవ సంగతి ఎప్పటికీ తెలియదు.

మన ఊళ్ల రోడ్ల మీద ఎవరున్నారు? టమాటా గంపలతో ఆటోలు, సైకిళ్లు, మోటారు సైకిళ్లు, బడిపిల్లలు, ఆవులు. 2,300 కిలోల బండికి గంటకు 60 కిలోమీటర్ల వేగంలో ఉండే గతిశక్తి వేయి కిలోల చిన్న కారుకు ఉండేదానికి రెండింతల పైన. సమీక్షలు రాసేవారందరూ లోపల కూర్చొని రాసినవారే. బయట ఉన్నవానికి ఓటు లేదు. మన దేశంలో 2023 అక్టోబరులో ఆరంభమైన భారత్ ఎన్.సి.ఎ.పి. పద్ధతి కూడ పెద్దలకూ పిల్లలకూ వేరువేరు నక్షత్రాలతో మొదలైనది. పాదచారుల రక్షణను నిబంధనగా పెట్టినదే గాని దానికి వేరే నక్షత్రాలు కట్టలేదు. ఇది తీరవలసిన లోటు.

ఇంకొక లోటు కాలానికి సంబంధించినది. సమీక్షకుడు కారును రెండు మూడు దినాలు నడుపుతాడు. కొన్నవాడు పదేళ్లు నడుపుతాడు. బ్యాటరీ వేసవి ఎండలకు ఏటేటా ఎంత శక్తి కోల్పోతుందో కొత్త కారు సమీక్షలో ఉండటానికి వీలే లేదు. ఈ మూడు లీటర్ల బ్యాటరీ కొన్నేళ్లకు రెండు లీటర్లదిగా మారినా పాత మార్కు మాత్రం చెక్కుచెదరక అట్లాగే నిలిచి ఉంటుంది.

నన్ను అడిగితే టి 8 కు ఒక్క అంకె వేయను. దాని యంత్ర నిర్మాణం తెలివైనది. నిత్యం నలభై కిలోమీటర్ల లోపు తిరిగి, ప్రతి రాత్రీ ప్లగ్గు పెట్టేవానికి అది పొదుపైన బండి. వారానికి రెండుసార్లు బెంగుళూరు పోయేవానికి బ్యాటరీని మోసుకొని తిరిగే పెట్రోలు కారు. ఇంధనపు గడిలో ఒక అంకెకు బదులు, రెండు ఛార్జీల నడుమ దూరాన్ని అడ్డంగాను, ఖర్చయ్యే పెట్రోలును నిలువుగాను తీసుకొని ఒక చిన్న గ్రాఫు వేస్తే చాలు. తొమ్మిదవ తరగతి పిల్లవాడు కూడ తన దూరం దగ్గర వేలు పెట్టి చదువుకొంటాడు. అభిరుచికి సంబంధించిన గడులలో సరాసరితో పాటు అత్యధికం, అత్యల్పం కూడ అచ్చు వేయవలె. అందరూ ఏడు వేసిన కారూ, సగం మంది పది వేసి సగం మంది నాలుగు వేసిన కారూ సరాసరిలో ఒకటే. కొనేవానికి మాత్రం అవి వేరు కార్లు.

మరొక మాట. ఐరోపా తీర్పరులు మార్కు వేసినది డీజిలు, పెట్రోలు, హైబ్రిడ్ రకాలన్నీ కలిగిన ఎక్స్.సి. 90 వంశానికంతటికీ. మన దేశంలో 2016 లో కోటి పాతిక లక్షలకు అమ్మిన హైబ్రిడ్ నాలుగు సీట్ల ‘ఎక్సలెన్స్’ రకం. ఏడుగురు కుటుంబ సభ్యుల సౌకర్యానికి పడిన మార్కులు నలుగురు కూర్చొనే బండికి ఎట్లా అతుకుతాయి? 2021 నుంచి ఇక్కడ అదే పేరుతో అమ్ముతున్నది ‘మైల్డ్ హైబ్రిడ్’ అనే మరొక రకం. దానిలోని 48 వోల్టుల చిన్న మోటారు ఇంజనుకు చేయూతనిస్తుంది గాని తానుగా కారును లాగలేదు. బ్యాటరీలో ఒక యూనిట్ కూడ పట్టదు. మొగిలి ఘాటు దిగేటప్పుడు అది కొద్దిసేపటికే నిండిపోతుంది, మిగిలిన శక్తి ఎప్పటివలెనే బ్రేకుల వేడిగా పోతుంది. వెనుక భాగాన ‘హైబ్రిడ్’ అనే మాట దీనికీ చెల్లుతుంది. ప్లగ్గు మాత్రం లేదు.